వ్యక్తి కేంద్రిత సంరక్షణ: ఇంగ్లండ్‌లో పుట్టుక, ఎదుగుదల

జబ్బు వల్లనో, వైకల్యం వల్లనో, వయసు మీద పడడం వల్లనో రోజూ ఇంకొకరి సాయంతో బతకవలసిన మనిషి, ఆ సాయం ఎవరి చేత, ఏ వేళకు, ఏ పద్ధతిలో అందాలో తానే నిర్ణయించుకునే ఏర్పాటును వ్యక్తి కేంద్రిత సంరక్షణ అంటారు. ఇంగ్లండ్‌లో ఇప్పుడు దీనికి చట్టం అండ ఉంది. స్థానిక కౌన్సిల్ సాయానికి అర్హత పొందిన ప్రతి వయోజనుడికీ తన పేర ఎంత డబ్బు కేటాయించారో తెలియజేయాలి. అతను కోరితే, కొన్ని షరతులకు లోబడి, ఆ డబ్బు అతని చేతికే ఇవ్వాలి. ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లోనూ కొన్ని వర్గాల రోగులకు ఇలాంటి హక్కే ఉంది. అధికారులో, వైద్యులో, ఆచార్యులో ముందుగా ఆలోచించి పెట్టిన పద్ధతి కాదిది. సంరక్షణాలయాల్లో ఏళ్ల తరబడి ఉండిపోయినవాళ్లు లెక్కలు వేసి, బేరమాడి, పట్టుబట్టి సాధించుకున్నది. వాళ్ల మాట చెల్లిన చోట ఇది బతుకులు మార్చింది. వాళ్లను పక్కన పెట్టి పద్ధతిని మాత్రం ఉంచుకున్న చోట కాగితాల పనిగా మిగిలింది.

లె కోర్ట్ నివాసులు

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాలు నడిపిన లియొనార్డ్ చెషైర్ 1948లో హాంప్‌షైర్ కౌంటీలోని లె కోర్ట్ అనే భవంతిలో ఒక సంరక్షణాలయం మొదలుపెట్టాడు. దిక్కులేని రోగులను చేరదీయడంతో ఆరంభమై, క్రమంగా అది కాళ్లూ చేతులూ పనిచేయని యువతీ యువకులు ఉండే చోటుగా మారింది. అదే ఏడాది వచ్చిన జాతీయ సహాయ చట్టం వికలాంగుల బాగోగులను కౌన్సిళ్లకు అప్పగించింది గానీ, వాళ్ల చేతికి నగదు ఇవ్వడాన్ని నిషేధించింది. ఇంట్లో స్నానం చేయించి, అన్నం తినిపించి, మంచం మీదికి చేర్చే మనిషి లేకపోతే ఇక మిగిలిన దారి సంరక్షణాలయమే.

కండరాల క్షీణత వ్యాధితో పాల్ హంట్ 1956లో లె కోర్ట్‌కు వచ్చాడు. అప్పటికి అతనికి 19 ఏళ్లు. అక్కడి నివాసులు ఏయే విషయాల మీద పోరాడారో చూస్తే బయటివారికి చిన్నవిగా తోస్తాయి: రాత్రి ఎన్ని గంటలకు పడుకోవాలి, కాస్త మద్యం పుచ్చుకోవచ్చా, నిర్వాహక సంఘంలో తమ మనిషి ఒకరు ఉండవచ్చా. కానీ ముప్ఫై ఏళ్ల మనిషిని ఫలానా వేళకు పక్క మీదికి చేర్చేసి దీపం ఆర్పేయడంలో ఉన్న అవమానం ఎంతటిదో అనుభవించినవారికే తెలుసు. వ్యక్తి కేంద్రిత సంరక్షణ అనే విశాలమైన విధానానికి వేరు ఈ నిద్రవేళ తగాదాలోనే ఉంది. హంట్ సంపాదకత్వంలో వికలాంగులే తమ జీవితాల గురించి రాసిన వ్యాసాల సంపుటి ‘స్టిగ్మా’ 1966లో వెలువడింది.

తమ పరిస్థితి మీద పరిశోధన జరిగితే మేలు కలుగుతుందని లె కోర్ట్ నివాసులే ఆశించి, లండన్‌లోని టావిస్టాక్ సంస్థ నిపుణులను రప్పించుకున్నారు. ఎరిక్ మిల్లర్, జెరాల్డిన్ గ్విన్ చేసిన ఆ అధ్యయనం 1972లో పుస్తకంగా వచ్చింది. సంరక్షణాలయంలో అడుగుపెట్టిన మనిషి సమాజం దృష్టిలో చనిపోయినట్లేనని వాళ్లు ఒప్పుకున్నారు. అయినా, ఆ మనిషి బయటికి వచ్చే దారి చూపకుండా సంరక్షణాలయాన్నే మరికాస్త మెరుగ్గా నడపాలని తేల్చారు. నివాసులకు ఇది నమ్మకద్రోహంగా తోచింది. పరిశోధకులు రెండు పక్షాల మధ్య నిష్పక్షపాతంగా నిలబడినట్లు కనిపిస్తూ బలవంతుడి పక్షమే వహించారని హంట్ తర్వాత ఘాటుగా రాశాడు. వికలాంగుల జీవితాల మీద వికలాంగుల అజమాయిషీలో జరిగే పరిశోధన కావాలన్న వాదన బ్రిటన్‌లో బలపడడానికి ఈ చేదు అనుభవం ఒక ముఖ్య కారణం.

1972 సెప్టెంబర్ 20న గార్డియన్ పత్రికలో హంట్ లేఖ ఒకటి అచ్చయింది. సంరక్షణాలయాల్లో ఉన్న వికలాంగులంతా ఒక సంఘంగా ఏర్పడదామని అందులో పిలుపునిచ్చాడు. దాని ఫలితమే యుపియాస్ అనే సంఘం. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను ఎదిరించి జైలుపాలై బ్రిటన్ వచ్చిన విక్ ఫింకెల్‌స్టీన్ ఇందులో హంట్‌కు తోడయ్యాడు. 1976లో ఈ సంఘం ప్రచురించిన చర్చాపత్రం ఒక మౌలికమైన తేడాను ముందుకు తెచ్చింది: శరీరంలోని లోపం ఒకటి, ఆ లోపం ఉన్నవారిని దూరం పెట్టేలా కట్టుకున్న సమాజం మరొకటి, మనిషిని నిస్సహాయుడిగా చేసేది రెండోదే. మైక్ ఆలివర్ 1983లో దీనికి వైకల్యపు సామాజిక నమూనా అని పేరు పెట్టాడు. హంట్ 1979లోనే మరణించాడు.

ప్రాజెక్ట్ 81

అదే 1979లో లె కోర్ట్‌లోనే జాన్ ఎవాన్స్, ఫిలిప్ మేసన్, మరికొందరు నివాసులు కలిసి ఒక బృందంగా ఏర్పడ్డారు. ఐక్యరాజ్యసమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించి ఉంది కనుక తమ ప్రయత్నానికి ‘ప్రాజెక్ట్ 81’ అని పేరు పెట్టుకున్నారు. సంరక్షణాలయం విడిచి ఊళ్లో సొంత ఇళ్లలో ఉండాలన్నది లక్ష్యం. దాన్ని సాధించడానికి వాళ్లు ఎంచుకున్న మార్గం ఈ చరిత్రలో అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసినది.

వాళ్లు నినాదాలతో కాక లెక్కలతో వెళ్లారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే వరకు తనకు ఏ పనికి ఎంతసేపు మనిషి సాయం కావాలో ఎవరికి వారు రాసుకున్నారు. గంటలు కూడి, గంటకు కూలి ఎంతో వేసి, వారానికి ఎంత ఖర్చవుతుందో తేల్చారు. ఆ మొత్తాన్ని, కౌన్సిల్ తమ కోసం సంరక్షణాలయానికి కడుతున్న రుసుముతో పక్కపక్కన పెట్టి హాంప్‌షైర్ అధికారులకు చూపారు. అంటే అవసరాన్ని అంచనా వేసే పని, అంతవరకు వృత్తి నిపుణుల గుత్తసొత్తుగా ఉన్నది, అవసరం ఉన్నవాళ్ల చేతికి వచ్చింది. ఈ ఒక్క అడుగే తర్వాతి అన్ని చట్టాలకూ పునాది.

నగదు ఇవ్వకూడదని చట్టం అంటుంటే దానికీ ఒక ఉపాయం కనిపెట్టారు. కౌన్సిల్ ఆ డబ్బును మధ్యవర్తి అయిన ఒక సంస్థకు చెల్లిస్తే, ఆ సంస్థ దాన్ని వికలాంగుడికి అందించేది. ఆ డబ్బుతో అతను తనకు నచ్చిన సహాయకుణ్ని జీతానికి పెట్టుకునేవాడు. ఎవాన్స్ 1983లో సొంత ఇంటికి మారాడు. 1984లో ఈ బృందమే హాంప్‌షైర్ స్వతంత్ర జీవన కేంద్రాన్ని స్థాపించింది. డెర్బీషైర్‌లో 1985లో ఇలాంటిదే మరో కేంద్రం వెలిసింది. ఈ కేంద్రాలను నడిపింది వికలాంగులే. సహాయకుణ్ని ఎలా వెతకాలి, ఇంటర్వ్యూలో ఏమడగాలి, జీతాల పుస్తకం ఎలా రాయాలి, కుదరనివాణ్ని ఎలా మాన్పించాలి అన్నవి అప్పటికే ఆ దారిలో నడిచినవాళ్లు కొత్తవాళ్లకు నేర్పేవారు.

వాళ్లకు ధైర్యమిచ్చిన ఉదాహరణ అమెరికాలోని బర్క్లీది. పోలియోతో మెడ కిందంతా చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ 1962లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. రాత్రిళ్లు ఇనుప ఊపిరితిత్తి యంత్రంలో గడపవలసిన అతనికి ఏ వసతిగృహంలోనూ చోటు లేక విద్యాలయ ఆసుపత్రిలోనే గది ఇచ్చారు. అతనూ, తర్వాత వచ్చి చేరిన తనలాంటి విద్యార్థులూ కలిసి చేసిన కృషి ఫలితంగా 1972లో అక్కడ స్వతంత్ర జీవన కేంద్రం ఏర్పడింది. ఎవాన్స్ అమెరికా వెళ్లి ఈ కేంద్రాల పనితీరు స్వయంగా చూసి వచ్చాడు.

చట్టం దాకా

1988లో ప్రభుత్వం పాత సంక్షేమ భత్యాలను మార్చినప్పుడు, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లు నష్టపోకుండా స్వతంత్ర జీవన నిధి అనే పథకం పెట్టింది. ఇది నేరుగా నగదు ఇచ్చింది. కొద్దిమందే వస్తారని వేసుకున్న అంచనా తలకిందులై దరఖాస్తులు వేలల్లో వచ్చాయి. నగదు చేతికిస్తే మనుషులు దాన్ని సక్రమంగా వాడుకుంటారని తేల్చిన పెద్ద రుజువు అదే. 1994లో గెర్రీ జార్బ్, పమేలా నడాష్ వికలాంగుల సంఘాల సమాఖ్య కోసం చేసిన అధ్యయనంలో, నగదు చెల్లింపుతో ఏర్పాటైన సాయం కౌన్సిల్ నేరుగా పంపే సేవ కన్నా 30 నుంచి 40 శాతం చవకగా పడుతోందని తేలింది. హక్కు అంటే కదలని ఖజానా పొదుపు అనగానే చెవి ఒగ్గింది. ఉద్యమం ఇది తెలిసే ఆ లెక్కను వాడుకుంది. ఆ ఎత్తు పారింది, కానీ దానికి మూల్యం ఉందని తర్వాత తెలిసివచ్చింది.

కౌన్సిళ్లు నేరుగా నగదు ఇచ్చేందుకు వీలు కల్పించిన డైరెక్ట్ పేమెంట్స్ చట్టం 1996లో ఆమోదం పొంది 1997 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. మొదట 65 ఏళ్ల లోపువారికే పరిమితమైన ఈ వెసులుబాటును 2000లో వృద్ధులకు, ఆ తర్వాత వికలాంగ పిల్లల తల్లిదండ్రులకు, ఇంట్లో సేవ చేసే బంధువులకు విస్తరించారు. ఇవ్వడం మానడం కౌన్సిళ్ల ఇష్టంగా ఉన్నది 2003లో బాధ్యతగా మారింది.

బుద్ధి వికాస లోపాలున్నవాళ్లలో చాలామంది మాత్రం ఇంకా బయటే ఉన్నారు. డబ్బు చూసుకోలేరన్నది వాళ్లకు అడ్డుపెట్టిన కారణం. 2003లో మొదలైన ఇన్ కంట్రోల్ అనే ప్రయత్నం దీన్ని మార్చింది. దీని వెనుక ముఖ్యుడు సైమన్ డఫీ. ఈ పద్ధతిలో ముందు ఒక మనిషికి రాగల మొత్తమెంతో చెప్పేయాలి. ఆపైన ఆ మనిషి, అతనికి దగ్గరివాళ్లు కూర్చుని ఆ డబ్బుతో ఎలా బతకాలో ప్రణాళిక వేసుకోవాలి. డబ్బు చూసుకోవడం కష్టమైతే నమ్మకస్తుడు ఒకరు చూడాలి. పర్సనల్ బడ్జెట్ అనే మాటకు నేటి అర్థం ఇక్కడే స్థిరపడింది.

2005లో ప్రభుత్వం 13 కౌన్సిళ్లలో దీన్ని ప్రయోగాత్మకంగా పెట్టి, 959 మందితో పరీక్షించింది. 2008లో వచ్చిన ఫలితాలు ఏకరీతిగా లేవు. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ల జీవన నాణ్యత మెరుగైంది. వృద్ధుల్లో మాత్రం బడ్జెట్ పొందినవాళ్లు మామూలు సేవలు పొందినవాళ్ల కన్నా ఎక్కువ మానసిక ఒత్తిడికి లోనయ్యారు. డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో, ఏదో ఆపద వచ్చినప్పుడే కౌన్సిల్ గడప తొక్కే మనిషికి జీతాల లెక్కలూ నియామకాలూ అప్పగిస్తే అది స్వేచ్ఛ కాక బరువు అవుతుంది. పక్కన నిలబడే సంఘం లేకుండా డబ్బు మాత్రం ఇస్తే ఏమవుతుందో ఈ ఫలితం సూటిగా చెప్పిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయినా విధానం ముందుకే సాగింది. 2014 కేర్ యాక్ట్ ప్రకారం 2015 ఏప్రిల్ నుంచి పర్సనల్ బడ్జెట్ అందరికీ వర్తించింది. స్కాట్లండ్ తన సొంత చట్టాన్ని 2013లో చేసుకుని, నగదు తీసుకోవడం, డబ్బును వేరొకరి దగ్గర ఉంచి తాను నడిపించడం, కౌన్సిల్‌కే వదిలేయడం, వీటిని కలిపి వాడుకోవడం అనే నాలుగు దారులు ఇచ్చింది.

ఆరోగ్య సేవలోకి

ఎన్‌హెచ్‌ఎస్‌లో వైద్యం ఉచితం. కౌన్సిళ్లు చూసే సామాజిక సంరక్షణ అలా కాదు. ఇంగ్లండ్‌లో 23,250 పౌండ్లకు మించి ఆస్తి ఉన్నవాళ్లు తమ సంరక్షణ ఖర్చు తామే భరించాలి. ఈ హద్దు 2010 నుంచి కదలలేదు. ఈ రెండు వ్యవస్థల మధ్య గోడ వల్ల ఒక వింత అన్యాయం జరిగేది. కౌన్సిల్ డబ్బుతో ఏళ్లుగా తన సహాయకులను తానే పెట్టుకున్న మనిషి జబ్బు ముదిరి ఎన్‌హెచ్‌ఎస్ బాధ్యత కిందికి మారగానే ఆ అధికారం పోయేది. తెలిసిన చేతుల స్థానంలో ఏజెన్సీ పంపే కొత్త ముఖాలు వచ్చేవి. సాయం ఎక్కువ కావలసిన సమయంలోనే సాయం మీద పట్టు జారిపోయేది.

దీనికి జవాబుగా 2009 నుంచి 2012 వరకు పర్సనల్ హెల్త్ బడ్జెట్లను పరీక్షించారు. రెండు వేల మందికి పైగా పాల్గొన్న ఈ ప్రయోగాన్ని కెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలియన్ ఫోర్డర్ బృందం మూల్యాంకనం చేసింది. జీవన నాణ్యత, మనస్థిమితం మెరుగుపడ్డాయి. రక్తపరీక్షల వంటి వైద్య కొలమానాల్లో మాత్రం తేడా కనబడలేదు. వాడుకలో స్వేచ్ఛ ఎక్కువగా ఉన్నచోటా, మొత్తం పెద్దగా ఉన్నచోటా మేలు ఎక్కువ కనబడింది. 2014 అక్టోబర్ నుంచి ఎన్‌హెచ్‌ఎస్ ఖర్చుతో ఇంటి దగ్గర నిరంతర సంరక్షణ పొందేవారికి ఇది హక్కయింది. 2019 డిసెంబర్‌లో చక్రాల కుర్చీ అవసరమైనవాళ్లకు, మానసిక వైద్యశాలలో నిర్బంధ చికిత్స ముగించుకుని వచ్చి తదుపరి సంరక్షణ పొందేవాళ్లకు విస్తరించారు.

2019 జనవరిలో ఎన్‌హెచ్‌ఎస్ తన దీర్ఘకాల ప్రణాళికలో, 2023-24 నాటికి 25 లక్షల మందికి వ్యక్తి కేంద్రిత సంరక్షణ అందించాలనీ, రెండు లక్షల మందికి హెల్త్ బడ్జెట్ ఇవ్వాలనీ లక్ష్యాలు పెట్టుకుంది. చికిత్స గురించి వైద్యుడు, రోగి కలిసి నిర్ణయించుకోవడం, దీర్ఘరోగం ఉన్నవాళ్లకు దాన్ని సంభాళించుకునే నేర్పు ఇవ్వడం, ఒంటరితనంతో ఆసుపత్రుల చుట్టూ తిరిగే మనిషికి లింక్ వర్కర్ ద్వారా తోటపని బృందమో, పాటల బృందమో పరిచయం చేసే సోషల్ ప్రిస్క్రైబింగ్ వంటివన్నీ ఇదే గొడుగు కింద చేరాయి. తూర్పు లండన్‌లో 1984లో మొదలైన బ్రోమ్లీ బై బో కేంద్రం ఈ చివరి పద్ధతికి తొలి నమూనాల్లో ఒకటి.

అనుభవం ఉన్నవాళ్ల చోటు

సేవ పొందేవాళ్లూ సేవ ఇచ్చేవాళ్లూ కలిసి సేవను రూపొందించాలన్న ఆలోచనకు అర్థశాస్త్రంలోనూ ఒక మూలం ఉంది. 1970లలో ఎలినార్ ఆస్ట్రమ్ అమెరికా నగరాల పోలీసు సేవలను పరిశీలించి, పౌరుల భాగస్వామ్యం లేకుండా అవి నడవవని చూపింది. న్యాయవాది ఎడ్గర్ కాన్ దీన్ని సంక్షేమ రంగానికి తెచ్చాడు. ఇంగ్లండ్‌లో థింక్ లోకల్ యాక్ట్ పర్సనల్ అనే భాగస్వామ్యం 2012లో ‘మేకింగ్ ఇట్ రియల్’ ప్రకటించింది. మంచి సేవ అంటే ఏమిటో దాన్ని పొందే మనిషి ‘నేను’ అంటూ చెప్పే వాక్యాల రూపంలో కూర్చారు. సంరక్షణ సంస్థలను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్ ఇలాంటి వాక్యాలనే తన కొలబద్దలో చేర్చుకుంది.

మానసిక ఆరోగ్య రంగంలో ఇది మరికాస్త ముందుకు వెళ్లింది. లీడ్స్ నగరంలో 1999 నుంచి ఒక సంక్షోభ సహాయ కేంద్రం నడుస్తోంది. తీవ్ర మానసిక వేదనను తాము అనుభవించినవాళ్లే దాన్ని స్థాపించారు. ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లడానికి జంకే మనిషి రాత్రివేళ అక్కడ ఒక మామూలు ఇంటి గదిలో కూర్చుని మాట్లాడవచ్చు. 2009లో దక్షిణ లండన్‌లో మొదలైన రికవరీ కాలేజీల్లో ప్రతి తరగతినీ వృత్తి నిపుణుడు ఒకరు, జబ్బును దాటి వచ్చినవారు ఒకరు కలిసి బోధిస్తారు.

అయితే కమిటీలో ఒక కుర్చీ వేయడం వేరు, నిర్ణయంలో భాగమివ్వడం వేరు. తాను మానసిక వైద్య సేవలు పొందినవాడూ, ఆచార్యుడూ అయిన పీటర్ బెరెస్ఫోర్డ్ దీన్ని ఏళ్ల తరబడి ఎత్తి చూపుతూ వచ్చాడు. సేవ పొందే మనిషిని మార్కెట్‌లో ఎంచుకునే కొనుగోలుదారుగా చూడడానికి ప్రభుత్వాలు ఇష్టపడతాయి గానీ, అధికారం పంచుకునే పౌరుడిగా చూడడానికి ఇష్టపడవని అతని వాదన. బడ్జెట్లు పెరిగినకొద్దీ, వాటిని వాడుకోవడం నేర్పే వికలాంగుల సంఘాలకు నిధులు తగ్గుతూ పోవడం చూస్తే ఆ వాదనలో నిజం ఉందని ఒప్పుకోక తప్పదు.

డబ్బు తగ్గినప్పుడు

2010 తర్వాత పొదుపు విధానంలో కౌన్సిళ్ల ఆదాయం కుంచించుకుపోయింది. పర్సనల్ బడ్జెట్ అనేది మొత్తాన్ని కళ్లముందు పెట్టే పద్ధతి కనుక కోత పెట్టడం కూడా తేలికైంది. గంటల కోత ప్రతి మనిషి ప్రణాళికలో నేరుగా పడింది. సహాయకుడికి ఇవ్వగలిగే కూలి తక్కువ కావడంతో మనుషులు దొరకడం కష్టమైంది. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు సంరక్షణ సంస్థలకు మాస్కులు, చేతొడుగులు పంపే ఏర్పాట్లు జరుగుతుంటే, ఇంట్లో సహాయకుణ్ని పెట్టుకున్న వికలాంగులు తామూ యజమానులమేనని గుర్తుచేయవలసి వచ్చింది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ స్వతంత్ర జీవన నిధి మూసివేత. 2010లో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపారు. మూసివేత నిర్ణయాన్ని వికలాంగులు కోర్టుకు ఈడ్చి 2013లో అప్పీలు కోర్టులో గెలిచారు. సమానత్వ చట్టం కింద తగిన ఆలోచన చేయలేదని కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ప్రభుత్వం పద్ధతి సరిచేసుకుని మళ్లీ అదే నిర్ణయం తీసుకుంది. 2015 జూన్ 30న నిధి మూతపడింది. స్కాట్లండ్ మాత్రం తన పౌరుల కోసం దాన్ని వేరే సంస్థగా నిలుపుకుంది. చవక అన్న కారణం మీద గెలిచిన హక్కు, ఇంకా చవక కావాలన్న రోజున నిలబడడం కష్టం. 1990లలో పారిన ఎత్తుకు చెల్లించిన మూల్యం ఇదే.

ఇతర దేశాలు, తెలుగు రాష్ట్రాలు

స్వీడన్‌లో పోలియో బాధితుడు అడాల్ఫ్ రాట్స్కా నాయకత్వంలో స్టాక్‌హోమ్‌లో వికలాంగుల సహకార సంఘం ఏర్పడింది. 1994లో వ్యక్తిగత సహాయకుణ్ని పొందడం అక్కడ చట్టబద్ధమైన హక్కయింది. నెదర్లాండ్స్ 1990ల మధ్యలో వ్యక్తిగత బడ్జెట్లు తెచ్చింది. మోసాల భయంతో 2015లో చెల్లింపులన్నీ ఒక ప్రభుత్వ సామాజిక బీమా సంస్థ ద్వారా మళ్లిస్తే, వేలమంది సహాయకుల జీతాలు ఆలస్యమై గగ్గోలు పుట్టింది. ఆస్ట్రేలియా 2013లో జాతీయ వైకల్య బీమా పథకాన్ని ప్రారంభించింది.

సమాజంలో కలిసి స్వతంత్రంగా జీవించడాన్ని హక్కుగా గుర్తించిన ఐరాస వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ఆమోదించింది. దానికి అనుగుణంగా చేసిన 2016 చట్టంలో వ్యక్తిగత సహాయం ప్రస్తావన ఉంది. ఎక్కువ సాయం కావలసినవారు దరఖాస్తు పెట్టుకుంటే మండలి ఒకటి అంచనా వేయాలన్న నిబంధనా ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఉద్యమం ప్రధానంగా పింఛను చుట్టూ నడిచింది. 2007లో ఏర్పడిన వికలాంగుల హక్కుల పోరాట సమితి అందులో ముందు నిలిచింది. తెలంగాణ 2023లో వికలాంగుల ఆసరా పింఛనును 4,016 రూపాయలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్ 2024లో వికలాంగుల పింఛనును 6,000 రూపాయలు చేసి, మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ చివరి మొత్తం పింఛను అన్న పేరుతోనే ఉన్నా, ఊళ్లో ఒక మనిషిని రోజులో కొన్ని గంటలకు సాయానికి పెట్టుకునే అవకాశం కల్పించే తొలి మొత్తం. ఇప్పటివరకు ఆ సాయం తల్లి, భార్య, అక్కచెల్లెళ్లు ఏ కూలీ లేకుండా చేస్తున్నదే. ఎన్ని గంటల సాయం కావాలో పింఛనుదారునే రాసి ఇమ్మనే ఫారం, సహాయకుణ్ని వెతికిపెట్టి పని నేర్పే వికలాంగుల కేంద్రం, ఈ రెండూ కలిసి ఏ మండలంలో మొదట వస్తే అక్కడ హాంప్‌షైర్‌లో 1984లో మొదలైన పని మొదలైనట్లు.